ఎర్రపిట్ట తెల్లబడిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద నిలబడితే రేవు మొత్తం కనిపించేది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, దాని పక్క నుంచి మెల్లగా లోపలికి వచ్చే ఓడలు, ఇంకా దూరంగా లంగరు వేసుకుని తమ వంతు కోసం కాచుకున్న ఓడలు. గాలి మావైపు తిరిగిందంటే చాలు, పోర్టులోంచి ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, ఊరగాయ జాడీల మూతల మీద పడేది. మా అమ్మ ఆ దుమ్మును తిట్టుకుంటూనే తుడిచేది. నాకు మాత్రం కిటికీ మీద దుమ్ములో వేలితో పిట్టలు గీయడం ఇష్టం.

మా పక్కింటాయన్ని నేను పెదనాన్న అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆయనా మా నాన్నా భీమిలి దగ్గర ఒకే ఊరి నుంచి పొలాలు వదిలి పోర్టు పనికి వచ్చారు. నాన్న క్రేను మీద, ఆయన గోదాముల దగ్గర గుమస్తాగా. తాగుడు లేదు, పేకాట లేదు, ఆయనకున్న పిచ్చి ఒక్కటే, స్టాంపులు. ఓడల్లో వచ్చే నావికులతో చేతి సైగలతోనే స్నేహం చేసి, వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన ఖాళీ కవర్లు అడిగి తెచ్చుకునేవారు. పెద్దమ్మ అది చూసి నవ్వేది. చిత్తుకాగితాలు ఏరుకునేవాడికి ఇచ్చి తనకు పెళ్ళి చేశారని అందరికీ చెప్పేది, కానీ ఆ కాగితాల మీద చుక్క నీరు పడనిచ్చేది కాదు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నయ్య అనేదాన్ని. సరుకు ఓడలో పనికి కుదిరి దేశాలు తిరిగేవాడు. తండ్రీ కొడుకుల మధ్య ఒక ఆట ఉండేది. అన్నయ్య రాసే ఉత్తరాల్లో ఊరి పేరూ ఉండదు, తేదీ కూడా ఉండదు. ఎక్కడి నుంచి రాస్తున్నాడో స్టాంపూ దాని మీది తపాలా ముద్రా చూసి తండ్రే కనిపెట్టాలి. ముద్రలో అక్షరాలు మనకు రాని భాషవైతే పెదనాన్న ఆ కవరు జేబులో పెట్టుకుని, ఆ దేశపు ఓడ ఎప్పుడు వస్తుందా అని కాచుకుని, ఏ నావికుడి చేతో చదివించుకుని వచ్చేవారు. వచ్చాక గోడకున్న ప్రపంచ పటంలో ఆ ఊరి మీద గుండుసూది గుచ్చేవారు. తిరుగు జవాబులో ఊరి పేరు ఒక్కటే పెద్ద అక్షరాలతో రాసి, కింద "దొరికిపోనావురా" అని రాసేవారు.

ఆదివారాలు నాకు ఆ ఇంట్లో కొలువు. ఆల్బం ముట్టుకోకూడదు, అది ఆయనది. బల్ల మీద పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది, అందులో ఉన్న కవర్లన్నీ నావి. ఆ డబ్బాలో పడిందంటే ఇక తడపడానికే అని మా ఇద్దరి మధ్య ఒప్పందం. స్టాంపు చుట్టూ కత్తిరించి, పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వేస్తే కాసేపటికి జిగురు వదిలి స్టాంపు పైకి తేలేది. దాన్ని చిమ్టాతో ఎత్తి పాత పేపరు మీద ఆరబెట్టాలి. మిగిలిన కవరు ముక్కలు పెరట్లో నీళ్ళపొయ్యిలోకి పోయేవి. పదేళ్ళ పిల్లకు అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది!

ఆయనకు అన్నిటికంటే ప్రాణం అచ్చు తప్పులున్న స్టాంపులు. తప్పు రాస్తే మా టీచరు స్కేలుతో కొడుతుంది కదా, తప్పు అచ్చయిన దానికి ఇంత మర్యాద ఏమిటని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, వంటింట్లోంచి బంగాళాదుంప తెచ్చి రెండు చెక్కలు చేశారు. ఒక చెక్క మీద పిట్ట గీతలు, రెండో చెక్క మీద పిట్ట ఒళ్ళు చెక్కారు. గీతలకు దీపపు మసి, ఒంటికి కుంకుమ నీళ్ళు. చిన్న కాగితాల మీద ముందు ఒకటి, దాని మీద రెండోది ఒత్తమన్నారు. నాకు ఒక్కటీ కుదురుగా రాలేదు. ఒక కాగితం మీద ఎరుపు పక్కకు జరిగి పిట్ట ఒకచోట, దాని ఒళ్ళు ఇంకోచోట పడ్డాయి. ఇంకో కాగితం మీద ఒళ్ళు తలకిందులైంది. రెండు కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, కిందదాని మీద ఎరుపు అసలు పడనే లేదు.

"మిషను మీద జరిగేదీ ఇదేనమ్మా" అన్నారు. "రంగుకోసారి కాగితం మిషనులోకి ఎల్లి రావాల. ఎల్లినప్పుడల్లా ఏదో ఓటి అవుద్ది."

అలాంటివి కనబడితే తనిఖీ చేసేవాళ్ళు అక్కడికక్కడే చింపేస్తారట. వాళ్ళ కళ్ళుగప్పి బయటపడినవి లోకంలో ఏ కొన్నో ఉంటాయి, అందుకే వాటికంత విలువ. ఆయన దగ్గర రంగు పక్కకు జరిగినవి రెండు, ఒకవైపు అంచుకు పళ్ళు కోయడం మరచిపోయినది ఒకటి ఉన్నాయి. ఒక రంగు పూర్తిగా పడకుండా బయటికి వచ్చిన స్టాంపు మాత్రం లేదు. అది ఒక్కటి చేతికొస్తే ఇంక ఈ జన్మకు ఏమీ అడగనని అనేవారు. ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు, ప్రెస్సులో పుట్టిన తప్పు వేరు, బయటికి వచ్చాక జరిగిన నష్టం వేరు అని. కుంకుమ చేతులతో పిట్టలు ఒత్తుకుంటున్న నా చెవికి ఆ మాట ఎక్కలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు అన్నయ్య దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద ఎర్రటి పిట్ట బొమ్మ స్టాంపు, దాని నడినెత్తిన గుండ్రంగా ఊదారంగు ముద్ర. అక్షరాలు మాకెవరికీ తెలియనివి. దేశం ఏదో స్టాంపును బట్టి తెలిసింది, ఊరు తెలియలేదు. ఆ దేశపు ఓడ వచ్చేదాకా ఆగాలని పెదనాన్న ఆ కవరును ఆల్బం కింద పెట్టి, గుండుసూది ఒకటి సిద్ధంగా కిటికీ చెక్కకు గుచ్చి ఉంచారు.

వారం తిరక్కుండానే ఓడ కంపెనీ తరఫున ఊళ్ళో పని చూసే ఏజెంటు దగ్గర నుంచి మనిషి వచ్చాడు. పిల్లల్ని బయటికి పంపేశారు. ఆ మాటలన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ దేశంలో ఓడ మూడు రేవుల్లో ఆగింది. ఏదో ఒక రేవులో అన్నయ్య ఊళ్ళోకి వెళ్ళాడు, తిరిగి ఓడ ఎక్కలేదు. ఎక్కడ దిగిపోయాడో ఓడవాళ్ళలో ఒకడు చెప్పినది ఇంకొకడు చెప్పలేదు. ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో ఉన్నాడని చూపించగలిగితే అక్కడి ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో వెతికిస్తారు. ఊరికే పేరు రాసి పంపితే పట్టించుకునే నాథుడుండడు. పైవారం సోమవారం ఆ దేశపు ఓడ రేవులోకి వస్తుంది, కవరు తీసుకురండి, దాని అధికారి చేత ముద్ర చదివిద్దామని ఏజెంటు కబురు చేశాడు. అన్నయ్య ఉన్న ఊరి పేరు ఆ ఊదారంగు ముద్రలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా మాకోసం రాసి లేదు.

నాకు తెలిసిందల్లా అన్నయ్య రావడం ఆలస్యమవుతుందని అమ్మ చెప్పిన మాట. నాకు కనిపించిందల్లా పెదనాన్న ఆల్బం తెరవకపోవడం. ఆదివారం వెళ్తే "ఇయ్యాళ ఒద్దమ్మా" అన్నారు. పోర్టు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తుండేవారు. పిలిస్తే పలికేవారు కాదు. ఆయన్ని అలా చూడటం నాకు భరించరానిదిగా ఉండేది. ఏదైనా చేసి ఆయన ముఖంలో నవ్వు చూడాలని గట్టిగా అనుకున్నాను. నా జీవితంలో అంత మంచి మనసుతో చేసిన పని మరొకటి లేదు, అంత పాడుపని కూడా మరొకటి లేదు.

మున్సిపాలిటీవాళ్ళు వీధి బావిలో వేయడానికి తెచ్చే బ్లీచింగ్ పౌడర్ మా ఇంట్లో ఒక మూటలో ఉండేది. అంతకు ముందు నా ఎర్ర రిబ్బను దాంట్లో పడి తెల్లబడితే అమ్మ చేత దెబ్బలు తిన్నాను. అది గుర్తొచ్చింది. ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం, పెదనాన్న డ్యూటీలో ఉన్నారు, పెద్దమ్మ గుడికి వెళ్ళింది. వాళ్ళింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీశాను. అన్నిటికంటే పైన ఎర్రపిట్ట ఉంది.

డబ్బాలో ఉన్నవి నావి. నేను రెండోసారి ఆలోచించలేదు. ఎప్పటిలాగే కత్తిరించాను, కవరు పొయ్యిలో వేశాను, స్టాంపు నీళ్ళలో విడదీశాను. తర్వాత గిన్నెలో బ్లీచింగ్ పౌడర్ కలిపి అందులో ముంచాను. ఎరుపు మెల్లగా పాలిపోయి, గులాబీ అయి, పోయింది. ఊదారంగు ముద్ర దానికంటే ముందే పోయింది. నల్లటి గీతల మధ్య తెల్లపిట్ట మిగిలింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

సాయంత్రం పెదనాన్న వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే అరచేతిలో పెట్టి చూపించాను. "పెదనాన్నా, ఎరుపు పడని స్టాంపు! మన డబ్బాలోనే దొరికింది!"

ఆయన చేతులు తుడుచుకుని, భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు. తిప్పి వెనక చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేను ఆయన ముఖం కేసే చూస్తూ నిలబడ్డాను, ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు ఎత్తుకుంటారు అని.

"కవరేదమ్మా?" అని అడిగారు.

"నీళ్ళపొయ్యిలో ఏసీసాను. ఎప్పుడూ ఏసినట్టే" అన్నాను.

ఆయన పెరట్లోకి పరిగెత్తారు. అంత పెద్దమనిషి పరిగెత్తగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పొయ్యిలో బూడిదను ఉత్త చేతులతో కెలికి, కెలికి, అక్కడే కూలబడ్డారు. అప్పుడే పెద్దమ్మ గుడి నుంచి వచ్చింది. సోమవారం తీసుకెళ్ళే సంచీలో కవరు ఇప్పుడే పెట్టేస్తానని, ఎక్కడుందని అడిగింది. ఆయన బూడిద చేతులతో లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"లేదే. నానే తడిపీసాను" అన్నారు. "అలవాటు సొప్పున సెయ్యి పోనాది. మందు నీళ్ళు తగిలి ముద్ర పోనాది. నానే."

పెద్దమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచిన అరుపుకు మా అమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. "ఓలమ్మో నా కొడకా! నీకు అదొక్కటే దారి గదరా! ఆడి ఊరు కడిగీసావా? ఎదవ కాగితాల పిచ్చితో నా కొడుకుని కడిగీసావా?" అంటూ ఆయన రొమ్ము మీద రెండు చేతులతో కొట్టింది. ఆ మాటల్లోనే నాకు అంతా తెలిసింది. నేనే అని చెబుదామని నోరు తెరిచాను. నా భుజం మీద ఆయన చెయ్యి పడింది. వేళ్ళు ఎంత గట్టిగా బిగించారంటే ఆ నొప్పి నాకు రెండు రోజులుంది. నేను నోరు మూసుకున్నాను.

సోమవారం ఇద్దరూ వెళ్ళారు, తెల్లపిట్టను కాగితంలో మడిచి పట్టుకుని. ఓడ అధికారి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి ఇచ్చేశాడట. మూడు ఊళ్ళకూ ఉత్తరాలు వెళ్ళాయి. ఆ పేరు గలవాళ్ళెవరూ మా దగ్గర లేరని మూడు ఊళ్ళూ రాశాయి. కిటికీ చెక్కకున్న గుండుసూది అక్కడే తుప్పు పట్టింది.

నెల తర్వాత ఆయన నన్ను పిలిచారు. తిడతారనుకుంటూనే వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చోబెట్టి భూతద్దం నా చేతికిచ్చి, తెల్లపిట్టను నా ముందు పెట్టారు.

"బాగా సూడు. కాగితం నునుపు పోయి పీచు లేసింది కదా? ఆ పీచు సందుల్లో ఎరుపు ఇంకా నలుసుల్లాగ ఉండిపోనాది. ఈ మూల పంటి మీద సూడు, ఊదా సుక్క. అచ్చులో రంగు పడకపోతే ఇలాగ ఉండదమ్మా. ఆ కాగితానికి ఎరుపు తెలీనే తెలీదు, తెల్లగా సల్లగా ఉంటాది. ఉన్న రంగు పోయిన కాగితం అలాగ ఉండలేదు. దానికి గురుతుంటాది."

స్టాంపుల గురించి ఆయన నాకు చెప్పిన ఆఖరి పాఠం అది. స్టాంపు గురించే చెబుతున్నారని అప్పుడు అనుకున్నాను. నేను ఏడవడం మొదలుపెట్టాను. పెద్దమ్మకు నిజం చెప్పేస్తానన్నాను.

"ఒద్దు. ఇంటి సంగతి ఓటి సెప్తాను, ఇను. ఆ కవరు నాను ఆల్బం కింద ఎట్టినాను. ఆ ఏజెంటు మడిసి వొచ్చిన పూట కుర్చీ ఎయ్యాలని మీ పెద్దమ్మ బల్ల సర్దింది. కంగారులో తీసి డబ్బాలో ఏసింది. నాను సూసాను గానీ ఆ మడిసి మాటల్లో పడి మరిసిపోనాను. ఆ ఇసయం ఆయమ్మకి గురుతు లేదు. నువ్వు సేసినావని తెలిస్తే, డబ్బాలోకి ఎలాగొచ్చిందని ఆలోసిస్తాది. ఆలోసిస్తే గురుతొస్తాది. కన్నతల్లి, తట్టుకోలేదమ్మా. కోపం నా మీద ఉండనీ. నాను మొయ్యగలను."

మోశారు. పద్దెనిమిదేళ్ళు మోశారు. పెద్దమ్మ ఆయనకు వేళకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే కషాయం కాచింది, బట్టలు ఉతికింది. మాట మాత్రం మాట్లాడలేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకో, మా అమ్మకో, నాకో చెప్పేది, ఆయన వినేవారు. ఆల్బం ఆయన మళ్ళీ తెరవలేదు. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు తెల్లపిట్టను ఒక చిన్న కవరులో పెట్టి నా చేతికిచ్చి, "నువ్వు నాకోసం సేసినావు, అది నాకు తెలుసు" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన పోయారు. పోయేముందు పెద్దమ్మ వైపు చూశారట. ఆమె మంచినీళ్ళు పట్టిందట, పలకరించలేదట.

పెద్దమ్మ ఇంకా చాలాకాలం బతికింది. చివరి రోజుల్లో నేనే వెళ్ళి చూసుకునేదాన్ని. ఒకరోజు ఆయన ఫోటో మీద ఎర్రదుమ్ము తుడుస్తుంటే, "ఒక్క కవరు దాయలేకపోనాడే ఆ మడిసి" అంది. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు నాకు ఇక వల్ల కాలేదు. ఆయన మీద ఆ మాట పడనివ్వడం నాకు చేతకాలేదు. ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ స్టాంపు తడిపింది నేనేనని చెప్పేశాను.

ఆమె తల నావైపు తిప్పి అడిగింది, "ఆయనకి తెలుసా?"

"తెలుసు పెద్దమ్మా."

"పద్దెనిమిదేళ్ళు" అంది. "పద్దెనిమిదేళ్ళు ఆ మడిసితో మాటాడలేదే నాను." కొడుకు జాడ పోయినప్పుడు అరిచి ఏడ్చిన మనిషి, ఇప్పుడు శబ్దం లేకుండా ఏడ్చింది. ఆ ఏడుపు నేను తెచ్చిపెట్టిందే. నిజం చెప్పి బరువు దించుకున్నాననుకున్నాను, తెచ్చి ఆ ముసలిదాని గుండెల మీద పెట్టాను.

కాసేపటికి ఆమె కళ్ళు ఎక్కడో నిలిచిపోయాయి. దేన్నో వెనక్కి వెతుకుతున్నట్టు నుదురు ముడిపడింది. "ఆల్బం కింద ఎట్టినాను అన్నాడు కదే ఆయన... మరి డబ్బాలోకి ఎలాగొచ్చింది?"

ఆ క్షణం నా భుజం మీద మళ్ళీ ఆ వేళ్ళు బిగుసుకున్నాయి.

"నేనే పెద్దమ్మా" అన్నాను. "ఆల్బం కింద నుంచి తీసి డబ్బాలో పెట్టింది నేనే. ముట్టుకోవద్దన్నా ముట్టుకున్నాను. నేనే."

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మూడు వారాలు బతికింది. నేను పెట్టిన గంజి తాగింది, నాతో మాట్లాడలేదు. ఆ మూడు వారాలే నాకు మూడు యుగాలు. పద్దెనిమిదేళ్ళు ఎలా ఉంటాయో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్న నా పెట్టె సర్దుతూ మనవరాలు ఆ చిన్న కవరు తీసింది. ఫోనులో ఏదో వెతికి, "అమ్మమ్మా, ఇది రంగు పడని స్టాంపు! చాలా అరుదైనదట!" అని ఎగిరి గంతేసింది. దాని ముఖంలో నా పదేళ్ళప్పటి సంతోషం కనిపించింది. భూతద్దం ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పీచు చూపించాను, సందుల్లో ఎరుపు చూపించాను. మూల పంటి మీద ఊదారంగు చుక్క అదే కనిపెట్టింది. అదేమిటి అంది, ఒక ఊరి పేరని చెప్పాను. ఏ ఊరని అడిగితే తెలియదన్నాను.

"మరి ఇంత మంచి స్టాంపును ఎవరు పాడుచేశారు?" అని అడిగింది.

నేనే, అన్నాను. ఆ మాట అనడం మా పక్కింటి పెదనాన్న దగ్గర నేర్చుకున్నాను.